కణం లేమిని పసిగట్టే తీరు: ఎల్లాప్రగడ సుబ్బారావు ఫాస్ఫేట్ పరిశోధన నుండి ఏఎంపీకే వరకు

వ్యాససంగ్రహం

జీవకణం తన వద్ద ఉన్న శక్తినిల్వ కంటే, శక్తి ఖర్చయ్యాక మిగిలే పదార్థాన్ని ఎక్కువ శ్రద్ధగా గమనిస్తుంది. ఆ యంత్రాంగాన్ని తెలుగులో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఎల్లాప్రగడ సుబ్బారావు 1925–29 మధ్య హార్వర్డులో జరిపిన ఫాస్ఫేట్ పరిశోధనలు, ఏఎంపీకే అనే ఎంజైమ్ పనితీరు, మధుమేహం, కరువులో చిక్కిన దేహం అనే అంశాలను అనంతపురం మెట్టప్రాంతపు వ్యవసాయ పరిభాష సాయంతో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కణశక్తి, ఏటీపీ, ఏఎంపీకే, ఎల్లాప్రగడ సుబ్బారావు, మధుమేహం, కరువు, బెట్ట.

1. బెట్ట అనే మాట

రాప్తాడు ఎర్రనేలల్లో వేరుశనగ వేసిన రైతు ఆకాశం కన్నా ముందు ఆకు వంక చూస్తాడు. మిట్టమధ్యాహ్నం ఆకులు వాడి, మర్నాటి ఉదయానికి తేరుకుంటే చేనుకింకా ఓపిక ఉన్నట్టు. పొద్దున్నే వాడి కనిపిస్తే బెట్ట ముదిరినట్టు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే జిల్లాలో ఈ చూపు తరాల అభ్యాసం. 'బెట్ట' అన్న మాటను నిఘంటువులో వెతికితే ఎండ, అనావృష్టి వంటి అర్థాలు దొరుకుతాయి. రైతు వాడుకలో దాని అర్థం ఇంకొంచెం సూక్ష్మమైనది: నేలలో పదును తగ్గిందన్న సంగతి మొక్క దేహానికి తెలిసి, దాని నడవడి మారిన స్థితి. వర్షాభావం ఆకాశానికి సంబంధించినది, బెట్ట మొక్కకు సంబంధించినది.

కణం గురించి మాట్లాడేటప్పుడు ఇటువంటి మాటలే మనకు కావాలి. కణం తన శక్తిస్థితిని తెలుసుకునే ప్రక్రియకు మన విజ్ఞానశాస్త్ర రచనల్లో 'గ్రహించడం', 'సంవేదన' వంటి పదాలు కనిపిస్తాయి. వీటిలో మనస్సు, ఎరుక ఉన్నాయన్న ధ్వని ఉంది. కణానికి మనస్సు లేదు. నా అభిప్రాయంలో 'పసిగట్టడం' వీటికన్నా మేలు. 'పసి' అంటే వాసన. వాసన తెలియడమంటే ఒక అణువు వచ్చి దాన్ని పట్టే గ్రాహకానికి తగలడమే. కణంలో జరిగేదీ సరిగ్గా అదే. అందుచేత ఈ వ్యాసంలో ఆ క్రియనే వాడుతున్నాను.

కణం పసిగట్టేది దేనిని? శక్తినా, శక్తి లేమినా? ఈ ప్రశ్నకు జవాబు వెతికే దారిలో మొదటి మజిలీ ఒక తెలుగువాడి గాజునాళిక.

2. ఆలస్యంగా చిక్కబడిన నీలం

1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య ముగించి 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్ వద్ద ఆయన చేపట్టిన పని పైకి చాలా చిన్నది: దేహద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంత ఉందో కచ్చితంగా కొలిచే పద్ధతిని రూపొందించడం. ఆమ్లంలో కరిగిన మాలిబ్డేట్‌తో ఫాస్ఫేట్ కలుస్తుంది. దానికి అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని చేరిస్తే నీలిరంగు పుడుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. 1925లో ప్రచురితమైన ఈ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ఆసుపత్రుల ప్రయోగశాలల్లో నిత్యవ్యవహారమైంది.

ఇదే పరీక్షను కండరం నుండి తీసిన సారానికి చేసినప్పుడు ఒక వింత ఎదురైంది. రంగు వెంటనే పూర్తిగా రాలేదు. కొంత నీలం వచ్చింది. ఆ తర్వాత నిమిషాలు గడిచేకొద్దీ ఇంకా చిక్కబడుతూ పోయింది. కొలతలో దొర్లిన లోపమని పక్కన పెట్టేయడానికి ఇది చాలిన కారణమే. ఫిస్క్, సుబ్బారావు అలా చేయలేదు. ఆలస్యంగా వచ్చే నీలానికి ఆలస్యంగా విడుదలయ్యే ఫాస్ఫేట్ కారణమై ఉండాలి. అంటే కండరంలో 'స్వేచ్ఛగా ఉన్న ఫాస్ఫేట్' అని అందరూ లెక్కవేస్తున్నదానిలో కొంత భాగం నిజానికి వేరే అణువుకు అంటుకొని ఉంది. పరీక్షలోని ఆమ్లం తగిలాక మెల్లగా ఊడివస్తోంది. ఆ అణువు ఫాస్ఫోక్రియాటిన్. దీనిని వారు 1927లో ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థం ఉనికిని వేరుగా గుర్తించారు.

కండరం పనిచేసినప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తరుగుతుంది, విశ్రాంతిలో తిరిగి పేరుకుంటుంది. అప్పటికి కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని శాస్త్రలోకం నమ్ముతోంది. ఆ రంగంలో కృషికి హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా లభించింది. ఫాస్ఫోక్రియాటిన్ రాకతో ఆ సిద్ధాంతానికి బీట పడింది. లాక్టిక్ ఆమ్లం పుట్టకపోయినా కండరం ముడుచుకోగలదని 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ చూపడంతో అది కూలింది.

తర్వాతి మెట్టు ఏటీపీ, అంటే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. దీనిని కనుగొన్నవారెవరు అన్నచోట మన పత్రికల్లో తరచు అతిశయోక్తి చోటుచేసుకుంటుంది. మేయర్‌హాఫ్ ప్రయోగశాలలో పనిచేసిన కార్ల్ లోమన్ తన ఫలితాన్ని 1929 ఆగస్టులో ప్రచురించారు. ఫిస్క్, సుబ్బారావుల పత్రం అదే ఏడాది అక్టోబరులో 'సైన్స్' పత్రికలో వచ్చింది. రెండు బృందాలూ స్వతంత్రంగానే అక్కడికి చేరాయి. లోమన్ పేరు దాచి సుబ్బారావును ఏకైక ఆవిష్కర్తగా నిలబెట్టవలసిన అవసరం లేదు. ఉన్న నిజమే ఆయనకు చాలినంత గౌరవం.

3. ముద్దల లెక్క

ఏటీపీలో అడినోసిన్‌కు మూడు ఫాస్ఫేట్లు వరుసగా అంటుకొని ఉంటాయి. కణం ఏ పని చేసినా, కండరాన్ని ముడిచినా, లవణాన్ని పొర దాటించినా, ప్రోటీను కట్టినా, సాధారణంగా చివరి ఫాస్ఫేట్ ఊడుతుంది. మిగిలేది రెండు ఫాస్ఫేట్ల ఏడీపీ. దానిని మళ్ళీ ఏటీపీగా మార్చే పని ప్రధానంగా మైటోకాండ్రియాలది. పెద్దల దేహంలో ఒక సమయంలో ఉండే ఏటీపీ కొన్ని పదుల గ్రాములే. రోజు మొత్తంలో తయారై ఖర్చయ్యేది మాత్రం శరీర బరువుకు దీటుగా ఉంటుంది. కనుక ఇది గాదెలో నిల్వ ఉండే ధాన్యం వంటిది కాదు, రోజంతా చేతులు మారే నాణెం వంటిది.

ఇక్కడే అసలు చిక్కు. ఏటీపీ కొంచెం తగ్గగానే కణానికి తెలియాలి. బాగా తగ్గేదాకా ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. కానీ నూరు పాళ్ళలో పది తగ్గడమన్నది గుర్తించడానికి చాలా చిన్న మార్పు. ఈ చిన్న మార్పును పెద్దదిగా చూపే ఏర్పాటు ఒకటి కణంలో ఉంది. దాని పేరు అడినిలేట్ కైనేజ్.

ఇద్దరి కంచాల్లో చెరి రెండు రాగిముద్దలు ఉన్నాయనుకుందాం. ఒకరు తన ముద్దనొకటి పక్కవారికి పెడితే ఒకరికి మూడు, మరొకరికి ఒకటి. అడినిలేట్ కైనేజ్ చేసేది ఇదే: రెండు ఏడీపీల నుండి ఒక ఏటీపీని, ఒక ఏఎంపీని తయారుచేస్తుంది. ఏఎంపీ అంటే ఒకే ఒక్క ఫాస్ఫేట్ మిగిలిన అణువు. ఈ మార్పిడి రెండు దిశల్లోనూ సులభంగా జరిగేది. సమతాస్థితిలో ఏఎంపీ పరిమాణం సుమారుగా ఏడీపీ వర్గాన్ని ఏటీపీతో భాగిస్తే వచ్చేదానికి సమానం.

లెక్క సౌలభ్యం కోసం ఏటీపీ 100, ఏడీపీ 10 పాళ్ళు అనుకుంటే ఏఎంపీ 1 పాలు. మొత్తం 111. ఈ మొత్తం మారకుండా ఏటీపీ 90కి దిగిందనుకుందాం. అప్పుడు ఏడీపీ దాదాపు 17.6, ఏఎంపీ దాదాపు 3.4 అవుతాయి. ఏటీపీ పదో వంతు తగ్గితే ఏఎంపీ మూడు రెట్లు దాటింది. ఏటీపీ 80కి దిగితే ఏఎంపీ ఏడు రెట్లు. అంటే ఏఎంపీ అనేది లేమికి పెట్టిన భూతద్దం. ఇంటిలో బియ్యం ఎన్ని ఉన్నాయో తూచి చూడడం కన్నా, డబ్బా అడుగు గీకిన చప్పుడు వినడం తేలిక. కణం రెండో పద్ధతినే ఎంచుకుంది.

4. చప్పుడు వినే ఎంజైమ్

ఆ చప్పుడు వినేది ఏఎంపీకే, అంటే ఏఎంపీ చేత ప్రేరేపితమయ్యే ప్రోటీన్ కైనేజ్. కొవ్వు తయారీని ఆపే కారకమొకటి, కొలెస్టరాల్ తయారీని ఆపే కారకమొకటి కాలేయంలో ఉన్నట్టు 1973లో రెండు వేర్వేరు బృందాలు చూపాయి. అవి రెండూ ఒకటేనని తేలడానికి దాదాపు పదిహేనేళ్ళు పట్టింది. స్కాట్లండులోని డండీలో గ్రాహమ్ హార్డీ బృందం 1987లో ఆ సంగతి చెప్పింది.

ఈ ఎంజైమ్‌లో ఆల్ఫా, బీటా, గామా అని మూడు భాగాలున్నాయి. పనిచేసే చెయ్యి ఆల్ఫా. పసిగట్టే ముక్కు గామా. గామాలోని గూళ్ళలో ఏటీపీ, ఏఎంపీ రెండూ పట్టగలవు; చోటుకోసం పోటీ పడతాయి. సమృద్ధిలో ఏటీపీదే పైచేయి. లేమిలో ఏఎంపీ వచ్చి కూర్చోగానే ఎంజైమ్ ఆకృతి మారి చురుకుదనం పెరుగుతుంది. అంతేకాక ఆల్ఫాపై 172వ స్థానంలోని థ్రియోనిన్‌కు మరో కైనేజ్ ఎల్‌కేబీ1 తగిలించిన ఫాస్ఫేట్ ఊడిపోకుండా నిలుస్తుంది. శక్తి లేమిని చాటేదీ, ఆ వార్త విన్న ఎంజైమ్‌ను మేల్కొలిపేదీ ఫాస్ఫేటే కావడం గమనార్హం.

మేల్కొన్న ఏఎంపీకే చేసే పనులు కరువు వచ్చిన ఇంటి యజమాని చేసేవే. కొత్త కట్టుబడి ఆపుతుంది: కొవ్వు, కొలెస్టరాల్, ప్రోటీన్ల తయారీ తగ్గుతుంది. పాతర తవ్వుతుంది: నిల్వ ఉన్న కొవ్వును మైటోకాండ్రియాలకు పంపి కాల్పిస్తుంది. కండరంలో గ్లూకోజ్ లోపలికి వచ్చే తలుపులు తెరిపిస్తుంది. ఇంకా లేమి ఎక్కువైతే ఇంటిలోని పాత సామాను అమ్మినట్టు, కణం తన పాడైన భాగాలను తానే జీర్ణించుకునే స్వభక్షణను ప్రేరేపిస్తుంది.

దీనికి ఎదురుపక్షం ఎంటార్. అమైనో ఆమ్లాలు, ఇన్సులిన్ సమృద్ధిగా ఉన్నప్పుడు కణాన్ని పెరగమనే ఎంజైమ్ అది. ఈస్టర్ ద్వీపపు మట్టిలోని సూక్ష్మజీవి నుండి దొరికిన రాపమైసిన్ ఎక్కడ పనిచేస్తుందో వెతుకుతూ 1991లో హైట్‌మన్, మొవ్వ, హాల్ ఈస్ట్ కణాల్లో దీని జాడ పట్టారు. ఏఎంపీకే మేల్కొంటే ఎంటార్‌ను అణచివేస్తుంది.

ఇక్కడొక చిన్న ప్రస్తావన. సుబ్బారావు హార్వర్డును వదిలి 1940లో లెడర్లె సంస్థకు వెళ్ళాక, ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, దాని విరోధులను రూపొందించింది. ఆ కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ కాన్సర్‌లో, కీళ్ళవాతంలో వాడుకలో ఉంది. ఈ మందు అడ్డుకునే చర్యల్లో ఒకటి నిలిచిపోయినప్పుడు జెడ్ఎంపీ అనే అణువు పేరుకుంటుంది. అది ఏఎంపీని పోలినది. ఏఎంపీకే దానిని చూసి మోసపోతుంది. 1948లో మరణించిన సుబ్బారావుకు ఏఎంపీకే అనేది ఒకటుందని తెలిసే అవకాశమే లేదు.

5. చేనులో ఉన్న బంధువు

ఈస్ట్‌లో స్నిఫ్1, జంతువుల్లో ఏఎంపీకే, మొక్కల్లో స్నర్క్1. ఈ మూడూ ఒకే పూర్వికుని సంతతి. బెట్ట వచ్చినప్పుడు వేరుశనగ మొక్క నీటిని కాపాడుకోవడానికి పత్రరంధ్రాలు మూసుకుంటుంది. దానితో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావడం తగ్గి, చక్కెర తయారీ కుంటుపడుతుంది. దప్పితో మొదలైనది ఆకలిగా మారుతుంది. ఆ ఆకలిని అందుకునే వ్యవస్థలో స్నర్క్1 ప్రధానం. అది పెరుగుదలను ఆపి నిల్వలను వాడుకోమంటుంది. ఊడలు దిగే దశలో బెట్ట తగిలితే కాయ పట్టకపోవడానికి నేల గట్టిపడటం వంటి కారణాలు చాలా ఉన్నాయి. అన్నింటినీ ఈ ఒక్క ఎంజైమ్ ఖాతాలో వేయరాదు. పైగా మొక్కలోని ఈ బంధువు ఏఎంపీ మాట అంతగా వినదు. ట్రెహలోజ్-6-ఫాస్ఫేట్ అనే చక్కెర రూపం పెరిగితే అణగి ఉంటుంది, తగ్గితే లేస్తుంది. వంశం ఒకటే, ఇంటి భాష వేరు.

6. లేమి ఎరుగని కణం

ఇంతవరకూ లేమి గురించే చెప్పాను. సమృద్ధిని పసిగట్టే కణాలూ ఉన్నాయి. క్లోమంలోని బీటా కణం అటువంటిది. రక్తంలో గ్లూకోజ్ పెరిగితే ఆ కణంలో ఏటీపీ పెరుగుతుంది. పెరిగిన ఏటీపీ పొరలోని పొటాషియం ద్వారాలను మూస్తుంది. విద్యుత్ స్థితి మారి కాల్షియం లోపలికి వస్తుంది. ఇన్సులిన్ బయటికి వెలువడుతుంది. ఈ ద్వారం మూసుకోకుండా ఉండిపోయే జన్యులోపంతో పుట్టే శిశువులకు తొలి నెలల్లోనే మధుమేహం వస్తుంది. ఆ లోపాన్ని 2004లో గుర్తించాక, జీవితాంతం ఇన్సులిన్ సూదులే గతి అనుకున్న పిల్లల్లో అనేకులను సల్ఫొనైల్‌యూరియా మాత్రలకు మార్చగలిగారు. ఆ మాత్ర ఏటీపీ చేయలేని పనిని చేస్తుంది, తలుపు మూస్తుంది. కణశక్తి శాస్త్రం నేరుగా ఒక బిడ్డ చేతినుండి సూదిని తప్పించిన ఉదాహరణ ఇది.

పెద్దల్లో వచ్చే రెండో రకం మధుమేహం ఇంత సూటిగా ఉండదు. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. నిరంతరం తిండి అందుతూ, ఒంటికి పని తగ్గినప్పుడు కాలేయం, కండరం కొవ్వుతో నిండి ఇన్సులిన్ మాటను పెడచెవిన పెడతాయి. కరువు సీమలో ఈ జబ్బేమిటని ఆశ్చర్యపడేవారున్నారు. వర్షం తక్కువైనంత మాత్రాన తిండి తక్కువ కాదు. చౌకగా దొరికే తెల్లబియ్యం సంగటి స్థానాన్ని ఆక్రమించినప్పుడు, నడక స్థానాన్ని మోటార్‌సైకిల్ ఆక్రమించినప్పుడు కణానికి డబ్బా అడుగు గీకిన చప్పుడు వినిపించే సందర్భాలే అరుదవుతాయి. నడిచినప్పుడు పనిచేసే కండరం ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే గ్లూకోజును లోపలికి తీసుకోగలదు. వైద్యులు నడవమని చెప్పడంలోని మర్మం కొంత ఇందులోనే ఉంది.

మెట్‌ఫార్మిన్ సంగతి మరీ ఆసక్తికరం. గలీగా అనే ఐరోపా మొక్కలోని పదార్థంతో పోలిక ఉన్న ఈ మందును 1957లో పారిస్‌లో జాన్ స్టెర్న్ మధుమేహానికి వాడి చూపారు. అది మైటోకాండ్రియాలో మొదటి సముదాయాన్ని కొద్దిగా అడ్డుకుంటుందని 2000లో తెలిసింది. ఏఎంపీకేను మేల్కొలుపుతుందని 2001లో తెలిసింది. అనంతపురం చీనీ తోటల రైతుకు ఈ ఉపాయం కొత్త కాదు: నీళ్ళు ఆపి చెట్లను కొన్నాళ్ళు బెట్టకు తెచ్చి, ఆపైన తడి ఇస్తే పూత విరగబూస్తుంది. మెట్‌ఫార్మిన్ కణానికి పెట్టే చిన్న బెట్ట. అయితే కాలేయంలో ఏఎంపీకే లేని ఎలుకల్లోనూ ఈ మందు చక్కెరను తగ్గిస్తుందని 2010లో తేలింది. కాబట్టి ఏఎంపీకే ఒక్కటే దాని మార్గం అనడం నేడు సరికాదు; శక్తి తగ్గుదల ప్రభావం ఇతర దారుల్లోనూ పనిచేస్తుంది.

కాన్సర్ విషయంలో ఏఎంపీకే రెండు ముఖాలది. దాన్ని మేల్కొలిపే ఎల్‌కేబీ1 జన్యువు లోపిస్తే ప్యూట్జ్–జెగర్స్ అనే వంశపారంపర్య వ్యాధిలో కణితులు పుడతాయి. కానీ ఒకసారి ఎదిగిన కణితికి రక్తం చాలని చోట, అదే ఏఎంపీకే ఆ కణాలు బతికి బట్టకట్టడానికి తోడ్పడవచ్చు.

7. గంజి, ఫాస్ఫేట్

ధాత నామ సంవత్సరంలో మొదలైన 1876–78 నాటి కరువుకు అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలోనే ఉంది; వేరు జిల్లా కావడం 1882లో. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలీని మగవారికి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి నగదుకు కుదించాడు. మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ కార్నిష్ ఇది ప్రాణం నిలపదని వాదించాడు. ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఏ చిరుధాన్యమైనా 1,500 కిలోకాలరీలకు కాస్త అటూఇటూ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 ప్రమాణాల ప్రకారం బరువు పని చేసే మగవారికి కావలసింది 3,470. చేతికిచ్చిన ఆ కొద్దిపాటి నగదు కరువు ధరల్లో ఈ తేడాను పూడ్చే అవకాశం లేదు.

సగం తిండితో రాళ్ళు కొట్టిన దేహం ఏం చేస్తుంది? కాలేయంలోని గ్లైకోజెన్ ఒక రోజులో అయిపోతుంది. ఆపై కొవ్వు కరుగుతుంది. కాలేయం దాని నుండి కీటోన్లు తయారుచేసి మెదడుకు పంపుతుంది, కండరాన్ని కొంతకాలం కాపాడుతుంది. కొవ్వు తీరాక కండరమే కరుగుతుంది. విత్తనకాయలు వేయించుకు తినే దశ అది. ఈ సర్దుబాటు ఎంత సమర్థమైనదో అంత పరిమితమైనది. జాతీయ పోషకాహార సంస్థకు సారథ్యం వహించిన సి. గోపాలన్ 1968లో, ఒకే రకం తిండి తినే పిల్లల్లో కొందరు మరాస్మస్‌తో ఎముకల గూడుగా మారడం, కొందరు క్వాషియార్కర్‌తో వాచిపోవడం ఎందుకని ప్రశ్నించారు. మొదటిది దేహం లేమికి సర్దుకున్న స్థితి, రెండోది ఆ సర్దుబాటు విఫలమైన స్థితి అన్నది ఆయన వాదం. ఆ వాదంపై తర్వాత చాలా చర్చ జరిగింది. కానీ తిండి కొరత ఒకటే అయినా దేహం ఇచ్చే జవాబు ఒకటే కాదన్న ఆయన పరిశీలన నిలిచింది.

ఆకలి దేహానికి తిండి దొరికిన రోజు కూడా ప్రమాదకరమే. నెలల తరబడి పస్తులున్న దేహంలో మొత్తం ఫాస్ఫేట్ తరిగిపోయి ఉంటుంది, రక్తపరీక్షలో మాత్రం మామూలుగానే కనిపించవచ్చు. ఒక్కసారిగా పిండిపదార్థం అందితే ఇన్సులిన్ పెరుగుతుంది. కణాలు గ్లూకోజును లాక్కుంటాయి. లోపలికి వచ్చిన ప్రతి గ్లూకోజ్ అణువుకూ ఫాస్ఫేట్ తగిలించాలి, ఆగిపోయిన ఏటీపీ తయారీ మళ్ళీ మొదలవ్వాలి. రక్తంలో ఉన్న కొద్దిపాటి ఫాస్ఫేట్ ఆ గుంజుడుకు కూలిపోతుంది. గుండె, ఊపిరి కండరాలు ఏటీపీ లేక చతికిలబడతాయి. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక విడుదలైన ఆకలి ఖైదీల్లో వైద్యులు ఈ విషాదాన్ని చూశారు. కడుపునిండా తిన్న తర్వాతే మరణించినవారున్నారు.

దీర్ఘ లంఘనం, శోధన తర్వాత ఆయుర్వేదం చెప్పిన పేయ, విలేపి వరుస, మన ఇళ్ళలో జ్వరం దిగినవారికి ముందు గంజి పోసే ఆచారం ఇక్కడ గుర్తుకు వస్తాయి. వీటిని చూపి పూర్వులకు ఏటీపీ తెలుసనడం హాస్యాస్పదం. బక్కచిక్కిన దేహానికి తిండి మెల్లగా పెట్టాలన్న అనుభవం వారికుంది, అంతే. ఆ అనుభవానికి కారణం తెలియడానికి ఫాస్ఫేట్‌ను కొలవడం నేర్వవలసి వచ్చింది. కొలిచే నీలిరంగు 1925లో వచ్చింది.

తీవ్ర పోషకాహార లోపంతో వచ్చిన పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నేడు సూచించే పద్ధతిలో తొలి ఆహారం ఎఫ్-75. అది 100 మిల్లీలీటర్లకు 75 కిలోకాలరీలే ఉండే పలుచని పాల మిశ్రమం, ప్రోటీను తక్కువ. రెండు మూడు గంటలకోసారి, రాత్రుళ్ళూ మానకుండా, కొద్దికొద్దిగా పట్టిస్తారు. పొటాషియం, మెగ్నీషియం వంటి లవణాలను భర్తీ చేస్తారు. బరువు వెంటనే పెరగాలని చూడరు. బిడ్డ తనంతట తానుగా గిన్నెకోసం చెయ్యి చాచిన రోజున, సాధారణంగా వారం లోపల, ఎఫ్-100కు మారుస్తారు.